పుట్టని ఫ్యాక్టరీ దెయ్యం

ఎర్రవంక దిగుడుబావికి చెడ్డపేరు కొత్తగా వచ్చింది.

పాతకాలం బావి. తాతలనాటి నుంచి కరువులోనూ నీళ్లిచ్చిన బావి. అందులో ఎవరూ దూకి చావలేదు, ఎవరినీ ఎవరూ తోసి చంపలేదు. అయినా మొన్నటి ఎండాకాలం నుంచి పొద్దుగూకితే ఆ పక్కకు కుక్క కూడా పోవడం లేదని చెప్పుకుంటున్నారు.

బావిలో పచ్చదెయ్యం ఉందంట.

లైటు పడితే చాలు... నీళ్లు పచ్చగా మండుతాయంట. పొగ ఉండదు, సెగ ఉండదు. పాచి పచ్చ కాదు, ఆకుపచ్చ కాదు — చీకట్లో పిల్లి కళ్లుంటాయే, ఆ పచ్చ. కింది మెట్టు మీద తెల్లబట్టల్లో ఒకటి కూర్చుని ఉంటుందంట. దానికి కన్ను ఒకటే. అదీ నుదుటి మీద.

మామూలుగా చచ్చినవాళ్లు దెయ్యాలవుతారు. ఇక్కడ సంగతి వేరు. ఊరికి తూర్పున బోడికొండ కింద అణు కరెంటు ఫ్యాక్టరీ కడతారని సర్వే జరుగుతోంది. ఇంకా పునాదిరాయి కూడా వేయలేదు. ఈలోగా ఎవరో ఫోన్లో పంపారు — అలాంటి ఫ్యాక్టరీల్లోంచి ట్రిటియం అనే అణుధార్మిక పదార్థం నీళ్లలోకి కారుతుందని, అది చీకట్లో పచ్చగా వెలుగుతుందని. ఇంకేముంది! పుట్టకముందే దెయ్యమైపోయిన ఫ్యాక్టరీని చూసిన ఘనత ఎర్రవంకకే దక్కింది.

ఈ దెయ్యానికి రాత్రి డ్యూటీ మాత్రమే. పగలు ఊరంతా ఆ బావిలోనే తోడుకుంటుంది, ఆ నీళ్లే తాగుతుంది. చీకటి పడితే మాత్రం చుట్టుతిరిగి పోతుంది. దెయ్యం బావిలో ఉంటుంది గానీ బిందెలో కూర్చుని ఇంటికొస్తుందని ఎవరికీ తోచలేదు.

బాగుపడింది పెంచలయ్య ఒక్కడే. బస్టాండు దగ్గర క్యాన్ల నీళ్లు అమ్ముతాడు. "నా క్యానులో దెయ్యం లేదమ్మా, చూసుకోండి, ఐ.ఎస్.ఐ. మార్కు ఉండాది" అని మూత తట్టి మరీ అమ్మాడు.

ప్రసన్నకుమారికి మాత్రం నవ్వు రాలేదు.

ఆమె కువైట్‌లో ఒక షేకు ఇంట్లో వాళ్ల పిల్లల్ని పెంచుతుంది. తన కూతురు మహిమను ఫోన్లో పెంచుతుంది. రోజూ రాత్రి అదే ప్రశ్న: "నీళ్లు కాచినావా? గుడ్డ కట్టి వడగట్టినావా?" మహిమ ఆదివారం బడిలో అప్పజెప్పినట్టు చెప్పేది: "కాచినా మా, వడగట్టినా మా." అంత దూరం నుంచి తల్లి చేయగలిగింది ఆ రెండు మాటలే. ఆ రెండు మాటల మీదే ఆమె నిద్రపోయేది.

ఆ ఫోను సందేశం కువైట్‌కూ చేరింది. పచ్చవెలుగు సంగతి దగ్గర ఆమె ఆగలేదు, చివరిదాకా చదివింది. చివర్లో ఉంది: ట్రిటియం నీళ్లలో కలిస్తే నీళ్లే అయిపోతుంది. కాచినా పోదు. వడగట్టినా పోదు.

సెలవు పెట్టి వచ్చింది. మహిమను అమ్మమ్మ దగ్గరే ఉంచాలా, కడపలో హాస్టల్లో వేయాలా — తిరిగి విమానం ఎక్కేలోగా తేల్చుకోవాలి.

ఊళ్లో షామియానా వేసి ప్రజల అభిప్రాయం అడిగిన రోజు ఆమె కూడా పోయింది. సర్వే కుర్రాడు మురళి మైకు అందిస్తే, ఫ్యాక్టరీ పెద్దసారు తెర మీద బొమ్మ చూపించాడు. "కొండకూ మీ బావికీ మధ్య భూమిలో బండ ఉంది. గోడ లాంటి బండ. అక్కడ ఏం పోసినా ఇక్కడికి చుక్క రాదు" అన్నాడు.

ప్రసన్నకుమారి లేచి నిలబడింది. "సార్, ఒకవేళ వస్తే... కాస్తే పోతుందా?"

"వస్తే కదమ్మా, పోవడానికి!"

షామియానా అంతా నవ్వింది. ఆ తరువాత అందరికీ పులిహోర పొట్లాలు పంచారు. సారు తన సీసా నీళ్లు తాను తాగి కారెక్కాడు.

ఆ వారం శనివారం, పొద్దు గూకింది.

మరునాడు చర్చిలో ప్రభురాత్రి భోజనం. మహిమ మొదటిసారి సంస్కారం — ప్రభువు రొట్టె, ద్రాక్షరసం — తీసుకోబోతోంది. ఆ ఊళ్లో సంస్కారానికి ద్రాక్షరసం చేసేది మహిమ అమ్మమ్మ విశ్వాసమ్మే. శనివారం తోడేవాళ్ల సందడి అణిగి, నీళ్లు తేరుకున్నాక కింది మెట్టు నుంచి ఒక బిందె ముంచి తేవాలి. అందులో ఎండుద్రాక్షలు నానబెట్టి, తెల్లవారుజామున కాచి రసం తీయాలి. ఆమె పెళ్లయి వచ్చినప్పటి నుంచి అదే పద్ధతి.

"పెంచలయ్యన్న క్యాను తెస్తా మా, దాంతో చెయ్" అంది ప్రసన్నకుమారి.

"అంగట్లో కొన్న నీళ్లతో ప్రభువు బల్ల యాడన్నా పెడతారా మే? నాకు మోకాళ్లు లేవడంలే. నువ్వు పోయి తే."

"దెయ్యముండాదంటారే."

"ప్రభువు పొమ్మంటే దయ్యాలు పందుల్లో దూరినాయి. ఈడ పందులు శానా ఉండాయి. పో."

చంకన బిందె, చేతిలో కట్టె, కొంగులో ఫోను. దారంతా ఆమె మనసులో ఒకటే అనుమానం — ఇది పెంచలయ్య పనే అయి ఉంటుంది. తెల్లపంచె కట్టుకుని కూర్చుని క్యాన్లు అమ్ముకుంటున్నాడు. కనపడితే ఈ కట్టెతో ఐ.ఎస్.ఐ. మార్కు నేనే వేస్తా అనుకుంది.

బావి ఒడ్డుకొచ్చింది. గాలి లేదు. ఒక్కో మెట్టూ తడుముకుంటూ దిగింది... సగం దిగాక ఫోను లైటు వేసింది.

నీళ్లు భగ్గుమన్నాయి.

పచ్చగా... బావంతా పచ్చగా. ఆ పచ్చలో, కింది మెట్టు మీద — తెల్లగా ఒకటి. తల తిప్పింది. నుదుటి మీద ఒంటికన్ను తళుక్కుమంది.

అరవాలనుకుంది. అంతలో బిందె జారి ఠంగుమంటూ మెట్ల మీద దొర్లింది... దొర్లి, ఆ తెల్లదాని కాళ్ల దగ్గర ఆగింది.

"అక్కా..." అంది దెయ్యం గుసగుసగా. "అరవద్దక్కా. నేను మురళిని."

తెల్లటి ప్లాస్టిక్ కోటు. నుదుటికి కట్టుకున్న లైటు. చేతిలో తాడు, తాడుకు సీసా. షామియానాలో సారుకు మైకు అందించిన మనిషే, సర్వే ఉద్యోగి.

"నువ్వా! పెంచలయ్యనుకుంటి."

"పెంచలయ్య ఎవరక్కా?"

"అది తరువాత. నువ్వేం చేస్తాండావు ఈడ?"

"పరీక్షకు నీళ్లు పడతాండా."

"పగలు పట్టకూడదా?"

"పగలైతే ఎందుకని మీరంతా అడుగుతారు."

"ఇప్పుడు నేనడుగుతాండా. ఈ పచ్చ ఏంది?"

"రంగక్కా, ఉత్త రంగు. భూమిలో నీళ్లు ఎటు పోతాయో తెలుసుకునేదానికి కలుపుతారు. పగలు కంటికి ఆనదు, లైటు పడితే మెరుస్తాది. తాగినా ఏం కాదు. నాది కల్లూరు, నేనూ ఈ సీమలో పుట్టినోన్నే, నీకు అబద్ధం చెప్తానా?"

"ట్రిటియం కాదా?"

"అదైతే కనపడదక్కా. రంగుండదు, వాసనుండదు. కనపడతాందంటే అది కాదనే."

ఇన్నాళ్ల బరువు ఒక్కసారి దిగినట్టయింది. ఊరు ఊరంతా రంగునీళ్లకు జడిసి చుట్టు తిరిగిపోతోంది! నవ్వొచ్చింది. నవ్వుకుంటూనే ఫోను లైటు ఆర్పి కొంగులో దోపి, కిందికి దిగి బిందె ముంచుకుంది, చంకన పెట్టుకుంది, మెట్లెక్కింది.

ఆగింది.

"మురళీ..."

"ఏమక్కా?"

"ఈ రంగు బావిలో యాడ పోసినారు?"

మురళి తాడు పైకి లాగాడు. తాడు నుంచి చుక్కలు నీళ్లలో పడుతున్నాయి... టప్... టప్...

"బావిలో పోయలేదక్కా."

"మరి?"

"కొండ కింద. మేం వేసిన బోరులో."

ప్రసన్నకుమారి ఒక మెట్టు కిందికి దిగింది.

"మధ్యలో బండ ఉండాదనె కదా, మీ సారు."

మురళి సీసాకు మూత బిగించాడు.

"ఆయప్పకు తెలుసా?"

"షామియానా వేయకముందే చెప్పినా. మళ్లా పరీక్ష చెయ్ అన్నాడు. చేసినా. మళ్లా చెయ్ అన్నాడు. ఊళ్లో దెయ్యమనుకుంటాండారు సార్ అంటే, అనుకోనీలే, ఒకందుకు మంచిదే అన్నాడు." మురళి నుదుటి లైటు ఆర్పేశాడు. చీకట్లో అతని గొంతు ఒక్కటే వినపడింది. "ఎవరికీ చెప్పద్దక్కా. నా ఉద్యోగం పోతాది."

"చెప్పనులే."

ఇంటికొచ్చేసరికి మహిమ గడపలోనే ఉంది, రేపటి తెల్లగౌను ఒళ్లో పెట్టుకుని.

"దెయ్యం కనపడిందా మా?"

"కనపడింది. పాపం, మంచిదే."

మహిమ కిసుక్కున నవ్వి లోపలికి పోయి, తల్లి కువైట్ నుంచి తెచ్చిన గాజుగ్లాసులో నీళ్లు తెచ్చింది. "తాగు మా. కాచినా, వడగట్టినా."

గ్లాసు పైకెత్తి చూసింది ప్రసన్నకుమారి. తేటగా ఉన్నాయి. మచ్చలేదు, నలకలేదు. ఫోను లైటు వేసి గ్లాసు అడుగున పట్టింది.

గ్లాసు నిండా పచ్చ... పిల్లి కళ్ల పచ్చ.

మహిమ రెండడుగులు వెనక్కు వేసింది. "కాచినా మా..." అంది. "నిజ్జంగా కాచినా."

"కాచినావులే బంగారూ. తప్పు నీది కాదు."

"నన్ను హాస్టల్లో వేస్తావా?"

"నిన్నొక్కదాన్ని తీసుకుపోతే, ఈడుండే పిల్లోళ్లంతా ఏం తాగాల?"

లోపలి నుంచి విశ్వాసమ్మ కేకేసింది. "నీళ్లు తెచ్చినావా మే? ద్రాక్షలు నానెయ్యాల."

"వెయ్యద్దు మా. పొద్దున ఈ బిందె ఇట్లనే చర్చికి ఎత్తుకుపోదాం. కిటికీలు మూసి, ఇదే లైటు వేద్దాం." ప్రసన్నకుమారి గ్లాసు మీద పళ్లెం మూసింది. "ఎవరికీ చెప్పనని ఒకాయనకు మాటిచ్చినా."

"మరెట్లా?" అంది మహిమ.

"చూపించనని ఇయ్యలేదు."