తొమ్మిదో మంచం కింది బకెట్టు

బడిని ఆస్పత్రి చేసి నెల కావస్తోంది. బెంచీలు బయటికి పోయాయి, మంచాలు లోపలికి వచ్చాయి. నల్లబల్ల మాత్రం గోడ మీదే ఉండిపోయింది. నీళ్ళ ట్యాంకు మీద బాంబు పడ్డప్పటి నుంచి ఊరు ఊరంతా మురుగు కలిసిన కాలవ నీళ్ళే తాగుతోంది. తూటా తగలని వాళ్ళని కలరా తగులుకుంది.

చిన్న నర్సుకి ఇరవై రెండేళ్ళు. పని తొందరగానే పట్టుబడింది. ప్రతి మంచానికీ నడుమ ఒక కన్నం, కన్నం కింద బకెట్టు. బకెట్టులోకి విరేచనం ఎంత పోయిందో కొలిచి నల్లబల్ల మీద ఆ మంచం వరసలో రాయాలి. ఎంత పోతే అంత సెలైన్ ఎక్కించాలి. మనిషి పోతే ఆ వరసని అప్పటికప్పుడు తుడిచెయ్యాలి. ఈ చివరి మాట డాక్టరు చెప్పింది కాదు, ఊడ్చే ఆయమ్మ చెప్పింది.

"శవం గుమ్మం దాటేలోగా తుడిచెయ్యి తల్లీ. వరస తెరిచి ఉంచకూడదు."

"ఉంచితే ఏమవుతుంది?"

"ఏమవుతుందో నేను చూళ్ళేదు. చూసే ముచ్చటా లేదు. ముందు చేతులు కడుక్కో."

తొమ్మిదో మంచం మీద ఒక టైలర్ ఉండేవాడు. ఒంట్లో చుక్క నీరు లేకపోయినా మాటల్లో మాత్రం తడి ఆరలేదు. "నర్సమ్మా, ఈ మంచానికి కన్నం పెట్టినవాడెవడో గానీ, నా కొలత తీసుకోలేదు," అనేవాడు. లేచి తిరిగాక ఆమె తెల్లకోటు నడుం దగ్గర బిగించి కుట్టిపెడతానన్నాడు. అంతే. ఆ ఒక్క మాటకే ఆమె మనసు ఎక్కడెక్కడికో వెళ్ళొచ్చింది.

ఈ వేళ తెల్లారుతూండగా అతను పోయాడు. మోసుకుపోతుంటే ఆమె తడిగుడ్డ పట్టుకుని నల్లబల్ల ముందు నిలబడింది. చెయ్యి లేవలేదు. సాయంత్రం తుడుద్దాంలే అనుకుంది. ఆయమ్మ అడిగితే, తుడిచేశానంది. చదువు రాని ఆయమ్మ నమ్మేసింది.

మధ్యాహ్నమయింది. విమానాల భయానికి కిటికీలన్నిటికీ కంబళ్ళు కట్టేశారు కాబట్టి గదికి పగలూ రాత్రీ ఒకటే. ఒక్క లాంతరు. బ్లీచింగు వాసన, దాని కింద అణిగీ అణగని ఇంకో వాసన. సెలైన్ లారీని వంతెన దగ్గర ఆపేశారని తెలిసి, సైనికుల్ని బతిమాలుకోవడానికి డాక్టరు వెళ్ళాడు. ఇక్కడ మిగిలింది ఒకే ఒక్క సీసా. తక్కినవాళ్ళు ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు తాగి నిలదొక్కుకుంటున్నారు. తాగింది కడుపులో నిలవనిది పదో మంచం ఒక్కదానికే. ఆ మంచం మీద ఉన్నది నర్సు చెల్లెలు. పదహారేళ్ళది.

"ఆ సీసా పెట్టెయ్యరాదూ?" అంది ఆయమ్మ.

"పొద్దుట్నుంచీ దాని బకెట్టు పొడిగా ఉంది ఆయమ్మా. కట్టినట్టుంది. ఇప్పుడే పెట్టేస్తే, మళ్ళీ మొదలైనప్పుడు దాన్ని దేంతో నిలబెట్టుకోను?"

"నీకే తెలియాలి. పిల్ల మొహం మాత్రం నాకు నచ్చలేదు." గొణుక్కుంటూ నీళ్ళు కాయడానికి పెరట్లోకి వెళ్ళిపోయింది.

టప్...

చెల్లెలి మంచం కిందికి వంగి చూసింది. పొడిగా ఉంది.

టప్... టప్...

లాంతరు పక్కకి తిప్పింది. తొమ్మిదో మంచం మీద ఎవరూ లేరు. పరిచిన రబ్బరు గుడ్డ ఎండి ముడతలు పడి ఉంది. కింద, ఆమే కడిగి బోర్లించిన బకెట్టు... నిటారుగా నిలబడి ఉంది. సగం నిండింది. బియ్యం కడిగిన నీళ్ళలా తెల్లగా.

ఆయమ్మ పరధ్యానంలో ఇక్కడ పెట్టేసిందేమో అనుకుంది. అనుకోవాలని అనుకుంది. తీసుకెళ్ళి గోతిలో పారబోసి, కడిగి, తెచ్చిపెట్టింది. అలా వెనక్కి తిరిగిందో లేదో...

టప్.

"అక్కా..." చెల్లెలి గొంతు ఎండుటాకులా గరగరలాడింది. "కారిపోతున్నాయే..."

"ఎక్కడే? నీ కింద పొడిగానే ఉంది బంగారం."

"నా కింద కాదు... అటు."

వేలు తొమ్మిదో మంచం కేసి చూపించింది.

నర్సు చెల్లెలి పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి వదిలింది. ముడత అలాగే నిలబడిపోయింది. కళ్ళు గుంటల్లోకి దిగిపోయాయి. మణికట్టు దగ్గర నాడి అందలేదు. పోతున్నది చెల్లెలిది... నిండుతున్నది అతనిది!

లాంతరు పట్టుకుని నల్లబల్ల దగ్గరికి పరుగెత్తింది. పదో వరస ఖాళీ. తొమ్మిదో వరసలో ఉదయపు అంకె పక్కన ఇంకో అంకె. దాని పక్కన ఇంకోటి. సుద్దముక్క ముట్టుకున్న గుర్తు ఆమెకి లేదు. చేతిరాత మాత్రం ఆమెదే.

అరచేత్తో రుద్దింది. చెరగలేదు. ఉమ్మి తడిపి, కోటు అంచుతో రుద్దింది. గోళ్ళతో గీకింది.

"వెళ్ళిపో," అంది గుసగుసగా. "నిన్ను ఆపింది నేనే. తప్పు నాది. దాన్ని వదిలెయ్యి... నీకు దణ్ణం పెడతాను, వెళ్ళిపో."

ఎవరో వీపు వెనక నిట్టూర్చినట్టయింది. అంకెలు ఒక్కొక్కటే మసకబారాయి. కడపటిది చెరిగీ చెరగగానే పదో మంచం కింద బకెట్టు మోగింది. అంత రోత చప్పుడు అంత తియ్యగా ఎప్పుడూ వినబడలేదు ఆమెకి.

చివరి సీసా తగిలించింది. మూడో పోటుకి నరం దొరికింది. ఒక్కో చుక్కా దిగుతోంది. కాసేపటికి చెల్లెలి పెదాలు కదిలాయి.

"అక్కా... ఆ తలుపు వెయ్యవే."

"ఎందుకే?"

"ఆయన వెనకే వచ్చారు... వాళ్ళకి కూడా కావాలట."

తలతిప్పి చూసింది. వరండా ఖాళీ. గుమ్మంలో ఎవరూ లేరు.

సీసా కేసి చూసింది. గొట్టంలో చుక్కలు నెమ్మదిగానే పడుతున్నాయి. సీసాలో నీళ్ళు మాత్రం వేలెడు దిగిపోయాయి. గొట్టానికున్న మర బిగించింది. చుక్క ఆగింది. నీళ్ళు ఇంకో వేలెడు దిగాయి...

వరండాలో ఎవరో గుటక వేశారు.

ఆ పక్కన ఇంకొకరు.

ఆ పక్కన... ఇంకొకరు...