పదమూడు అడుగుల నిచ్చెన

హల్దియాపదర్‌లో వెంకటరమణమూర్తి మాస్టారింట్లో పెళ్ళిచూపులంటే బజ్జీలూ కాఫీలూ తర్వాతి సంగతి. ముందు పలక. వచ్చిన పెళ్ళికొడుకు బీజగణితంలో ఒకటి, రేఖాగణితంలో ఒకటి, తర్కంలో ఒకటి చెయ్యాలి. ఒక్కటి తప్పినా బజ్జీ తిని వెళ్ళిపోవాల్సిందే. అలా ముగ్గురు తిని వెళ్ళారు. నాలుగోవాడు బ్యాంకు ఆఫీసరు. కాలిక్యులేటర్ తెచ్చుకుంటానని వెళ్ళి మరి రాలేదు.

ఐదోవాడు ఈశ్వర్. ఇళ్ళకు రంగులు వేస్తాడు. కిందటేడు దసరా ముందు ఈ ఇంటికే రంగు వేస్తూ, మాస్టారి కూతురు హేమ ట్యూషన్ చెప్పే గది కిటికీ ఒక్కదానికే నాలుగు రోజులు పట్టించాడు. మొదటి రోజు హేమ తిట్టింది. నాలుగో రోజు టీ ఇచ్చింది. మిగతాది చెప్పేదేముంది?

నాన్న అడిగే లెక్కలన్నీ హేమకు కంఠతా వచ్చు. నెలరోజులుగా గోపాల్‌పూర్ బస్సులో ఈశ్వర్ పక్కన కూర్చుని అన్నీ నేర్పించింది. ఇవాళ ఇతను తప్పాడా, ఆదివారం ఛత్రపూర్ నుంచి లెక్కల లెక్చరర్ వస్తున్నాడు. వాడు తప్పడు.

"తండ్రి వయసు కొడుకు వయసుకి మూడు రెట్లు. పన్నెండేళ్ళ తరవాత రెండు రెట్లు. ఎవరికెంత?"

"కొడుక్కి పన్నెండు, తండ్రికి ముప్పై ఆరండి. తల్లి ఏదండి మాస్టారూ?"

"తల్లి లెక్కలో లేదు."

"అయ్యో పాపం."

వంటింట్లో మాస్టారి భార్య కూర్మమ్మ గారు కొంగుతో కళ్ళొత్తుకున్నారు.

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "పదమూడు అడుగుల నిచ్చెన. కాళ్ళు గోడకి అయిదడుగుల దూరం. ఎంత ఎత్తుకి అందుద్ది?"

హేమ తలుపు చాటునుంచి పన్నెండు వేళ్ళు చూపించబోయింది. పదే ఉన్నాయి.

ఈశ్వర్ పలక కింద పెట్టేశాడు. "అంత దూరం పెడితే జారిపోద్దండి. మేం మూడుంపావు పెడతాం."

"లెక్కలో జారదయ్యా."

"మనిషెక్కితే జారిపోద్దండి. బయట సినుకులు కూడా పడతన్నాయి."

"ముప్పై ఎనిమిదేళ్ళుగా ఈ నిచ్చెన వేస్తన్నాను. ఒక్కడూ పడలేదు."

"ఎవులూ ఎక్కలేదు కదండి."

మాస్టారి మొహం కందగడ్డలా అయింది. పెరట్లోకి వెళ్ళి నిచ్చెన తీశారు. టేపు పట్టి అయిదడుగులు కొలిచారు. పంచె పైకి కట్టారు.

"ఏటండీ ఇది, ఈ వయసులో?" అని కూర్మమ్మ గారు వెనకాలే పరుగెత్తారు.

ఆయన వినలేదు. ఎక్కారు. పై మెట్టు దాకా వెళ్ళి, "సూశావా" అంటుండగానే నిచ్చెన జానెడు జారింది. ఈశ్వర్ ఒక్క దూకున వచ్చి కింది మెట్టుకు కాలు అడ్డం పెట్టి, రెండు చేతులతో పట్టేశాడు.

మాస్టారు గోడను కావలించుకుని కళ్ళు మూసుకున్నారు. "పట్టుకున్నావా లేదా? నాకు కనబడ్డం లేదు. నిరూపించు."

"నాను వదిలేస్తే మీరు పడిపోతారండి. మీరు పడలేదు. అంచేత నాను వదల్లేదు."

మాస్టారు కళ్ళు తెరవకుండానే ఆ మాటను మనసులో రెండుసార్లు సరిచూసుకున్నారు.

"కూర్మమ్మా," అన్నారు చివరికి, "ఇది తర్కం. తప్పు పట్టడానికి లేదు."

"మరి రెండో లెక్కో?"

"అది నాదే తప్పు. పిల్లనిస్తన్నాను. పంచాంగం ఇలా తే. నా కాళ్ళ వణుకు తగ్గేదాకా ఇక్కడే చూసుకుంటాను."

కూర్మమ్మ గారు లోపలికి పరుగెత్తారు. హేమ నిచ్చెన దగ్గరకు వచ్చింది. జుట్టు తడుస్తోంది, కళ్ళు మండుతున్నాయి.

"పన్నెండని బస్సులో వందసార్లు చెప్పాను. మర్చిపోయావా?"

"మరిసిపోలేదు."

"మరి అనొచ్చు కదా. నేను ఆ లెక్చరర్ పాలైపోతే?"

"అందామనే నోరు తెరిసినాను. మరి దాని మీద ఎవులో ఒకలు ఎక్కుతారు కదా, హేమా."

హేమ చెప్పు విడిచి, అతని పాదం పక్కనే కింది మెట్టు మీద తన పాదం ఆనించింది. నిచ్చెన ఆపడానికి ఒక్కరు చాలు.