ఎవరూ లేరు సార్!

మిట్టమధ్యాహ్నం...!

అర్ధరాత్రికి దడిసే లోకానికి ఈ వేళ సంగతి తెలియదు. సూర్యుడు నడినెత్తిన నిప్పుకణికలా నిలిచి, మనిషి నీడ సైతం పారిపోయే దారి లేక పాదాల కింద ముడుచుకునే వేళ! పక్షి కూయదు... ఆకు కదలదు... దయ్యానికే కాదు, మనిషికీ నీడ లేని ఆ ఘడియలో ఎవరు ఎవరో పోల్చుకోవడం బ్రహ్మతరం కాదు!

ఆ ఘడియలో చెక్‌పోస్టు ముందు నలభైకి పైగా లారీలు బారు తీరి ఆగి ఉన్నాయి. గేటు వాల్చేసి, ఆఫీసర్లు ఒక్కో బండికీ లోడు మీద కప్పిన పట్టా విప్పించి, మెట్టెక్కి కేబిన్‌లోకి తొంగిచూసి మరీ వదులుతున్నారు. గంటకు రెండు బండ్లు కదిలితే గొప్ప. ఆకాశాన మబ్బుతునక లేదు. అయినా ఎక్కడో దిగంతాన ఉరిమింది... ఒక్కసారే!

వరసలో పదిహేడో లారీ పక్కనున్న జానెడు నీడలో ముగ్గురు డ్రైవర్లు చతికిలబడి కూర్చున్నారు. ఒకడు రేడియో. నోరు మూతపడని మనిషి కాబట్టి ఆ పేరు. రెండోవాడు ముసలి డ్రైవరు, ఆ దారిన తిరిగే అందరికీ మామ. మూడోవాడు మూగన్న. మూగవాడేం కాదు. మాట కూడా డీజిల్ లాంటిదే, ఊరికే కాల్చకూడదనుకునే రకం.

"మొన్న వంతెన దగ్గర ఒకాయన ఆపాడు మామా," అన్నాడు రేడియో. "లైట్లు వేయించాడు, టైర్లు తన్నాడు, హారన్ కొట్టించాడు, కాగితాలు తిరగా మరగా వేశాడు. ఒక్క లోటు దొరకలేదు. 'ఇన్నేళ్ళ సర్వీసులో అన్నీ సరిగ్గా ఉన్న బండిని నేను చూడలేదు, ఇందులో ఏదో మోసం ఉంది' అని రెండు గంటలు ఎండలో నిలబెట్టాడు!"

"నీ పని నయం," అన్నాడు మామ. "అద్దం మురికిగా ఉందని నన్నొకడు ఆపి, నా గుడ్డతోనే వాళ్ళ జీపు అద్దాలన్నీ తుడిపించుకుని పంపించాడు. పోయేటప్పుడు 'చూశావా, తుడిస్తే ఎంత బాగుంటుందో' అన్నాడు పైగా."

"మూగన్నా, నీదీ ఒకటి వదలరాదూ?"

"నాదేముంది. అడుగుతారు. లేదంటాను. పంపేస్తారు."

రేడియో తొడ చరిచాడు. "అదీ మాటంటే! మన బళ్ళో మొదటి అక్షరం 'అ' కాదు మామా, 'లే'! లోడు ఎక్కువుందా? లేదు సార్. తాగావా? లేదు సార్. బండిలో ఇంకెవరైనా ఉన్నారా? ఎవరూ లేరు సార్!"

మామ పొట్ట ఊగేలా నవ్వాడు. మూగన్న నవ్వలేదు. అతని చూపు పక్కనున్న తన లారీ కేబిన్ మీదే ఉంది.

అక్కడ, సీటు వెనకాల, నల్లగుడ్డ తెర చాటున, కాళ్ళు చాపడానికి చాలని పడక మీద అతని భార్య పడుకుని ఉంది. మంచాన పడ్డ తన అక్కను చూడటానికి బయల్దేరింది. ఆ దారిన బస్సు లేదు. సిమెంటు బస్తాల బండిలో ఆడమనిషిని ఎక్కించుకుంటే కేసు రాస్తారు, బండి నిలిచిపోతుంది. అందుకే పొద్దుటినుంచి ఆరు చోట్ల ఆరుగురు ఆఫీసర్లు అడిగితే, ఆరుసార్లూ మూగన్న అదే జవాబు చెప్పాడు. ఆరో గేటు దాటగానే తెర వెనకనుంచి కిసుక్కుమని నవ్వు. "ఏమయ్యా, ఆరుసార్లు లేనన్నావు. ఇంటికి పోయాక నేనూ అంటా... కూర లేదు, కూడు లేదు, నేనూ లేను."

ఇప్పుడు ఆ తెర వెనక నవ్వు లేదు. ఇంజను కాక, పైన రేకు కాక, అద్దాలు మూసిన కేబిన్. ఆఫీసర్లు బారు వెంట తిరుగుతుండగా ఆమె దిగేందుకు వీల్లేదు. మూగన్న నీళ్ళసీసా వంకతో మెట్టెక్కాడు.

"ఊపిరాడటం లేదయ్యా..." అంది ఆమె. పెదవులు బూడిదరంగుకు తిరిగాయి.

అతను కేబిన్ తలుపు ఓరగా వదిలి దిగి వచ్చి, "క్వారీ రోడ్డున పోతా," అన్నాడు.

మామ నవ్వు తెగిపోయింది. "వద్దురా. ఆ దారి ఎందుకు పాడుపడిందో తెలుసా?"

"మనిషి పోయేట్టుంది మామా."

మామ కేబిన్ వంక చూశాడు. ఎన్ని ఊళ్ళ దుమ్ము తిన్న కళ్ళు! అడక్కుండానే అర్థం చేసుకున్నాయి. గొంతు తగ్గించి, తెర దాకా వినిపించేలా మాత్రం చెప్పాడు.

"అక్కడో పాత చెక్‌పోస్టు ఉంది. ఎప్పుడో ఎత్తేశారు. అయినా మధ్యాహ్నం పూట గేటు వాలి ఉంటుంది. ఒకాయన ఉంటాడు. కాగితాలు అడగడు. బండిలో ఎవరున్నారని అడుగుతాడు. నిజం చెప్పు, ఏడువు, కాళ్ళు పట్టుకో... లేదన్న మాట ఒక్కటీ నోట రానీయకు!"

"అంటే ఏమవుతుంది?" అన్నాడు రేడియో. మొదటిసారి గొంతు తగ్గింది.

"అన్నవాళ్ళెవరూ వచ్చి చెప్పలేదురా. బండ్లు దొరికాయి. ఇంజన్లు ఆడుతూనే ఉన్నాయి. సీట్లో మనిషి లేడు."

*

క్వారీ రోడ్డు... రోడ్డు కాదది, రాళ్ళు కక్కిన గాయం! ఇరువైపులా తవ్వి వదిలేసిన గోతులు అస్థిపంజరాల నోళ్ళలా తెరుచుకుని ఉన్నాయి. ఒక మొండి స్తంభం మీద గుడ్లగూబ... పట్టపగలు... రెప్ప వేయకుండా సూర్యుణ్ణే చూస్తోంది!

ఆమె ముందు సీట్లోకి వచ్చి గాలికి ముఖం పెట్టింది. పెదవులకు రంగు తిరిగింది. అతనికి ప్రాణం లేచొచ్చింది. అంతలోనే మలుపు తిరిగేసరికి... గేటు!

తుప్పు పట్టిన ఇనప కడ్డీ, ఒక రాతిగది, దాని ముందు నిలువెత్తు యూనిఫారం.

"వెనక్కి పో," అన్నాడు మూగన్న. ఆలోచించి అన్నది కాదు. గేరు మార్చేటప్పుడు కాలు క్లచ్ మీదికి పోయినట్టు, నోరు తనంత తానే అంది.

"మామ చెప్పింది విన్నాగా. ఉన్నానని చెబుతావుగా?"

"చెబుతాలే. నువ్వు పో."

ఆమె తెర వెనక్కి పోయింది.

ఆ ఆఫీసరు దగ్గరికి వచ్చాడు. అడుగుల చప్పుడు లేదు. యూనిఫారం గుండీలు ఇత్తడివి కావు, ఎముకవి! రెప్పలు లేని నేత్రాలు... చితాభస్మం పూసినట్టు పాలిపోయిన వదనం... చేతిలో జానెడు మందాన చిట్టాపుస్తకం. దాని మీద, కాగితాలు గాలికి లేవకుండా, బరువుగా పెట్టిన మానవ కపాలం!

"బండిలో ఇంకెవరైనా ఉన్నారా?"

గొంతు మెత్తగా ఉంది. నిజమైన ఆఫీసరు గొంతులాగే విసుగ్గా, నిద్రమత్తుగా, రోజుకు వెయ్యిసార్లు అడిగి అరిగిపోయినట్టుగా ఉంది. అదే కొంప ముంచింది. పదిహేనేళ్ళుగా ఆ గొంతుకు ఒకే జవాబు నేర్చిన నాలుక, తోలేవాడు నిద్రపోయినా ఇల్లు చేరే ఎద్దులా, తన దారిన తాను పోయింది.

"ఎవరూ లేరు సార్."

అన్నాక విన్నాడు తన మాట!

"ఉంది! సార్, ఉంది! నా భార్య..."

"రాసుకున్నాను," అన్నాడు వాడు.

ఫెళఫెళారావంతో నిర్మలాకాశం రెండుగా చీలింది! చిట్టాలో సిరా ఆరిపోయింది. కపాలం కళ్ళగుంటల్లో నీలిజ్వాలలు భగ్గుమన్నాయి!

మూగన్న స్టీరింగు వదలబోయాడు. చేతులు రాలేదు. కాళ్ళు బ్రేకు మీదే రాయిలా బిగిశాయి. అరవబోయాడు. గొంతులో గాలి తప్ప ఏమీ లేదు. అతనికి మిగిలినవి కళ్ళే... చూడటానికి!

రాతిగది తలుపు తనంత తానే తెరుచుకుంది. లోపల గోడల నిండా వేలాడుతున్న డ్రైవర్ల చొక్కాలు. నేల మీద ఎముకలపొడితో గీసిన మండలం. ఆఫీసరు వేషంలో ఉన్న ఆ మాంత్రికుడు అందులో కపాలాన్ని ప్రతిష్ఠించి, వికటాట్టహాసం చేశాడు.

"నూట ఏడుగురు... ఎవరూ లేరంటూ తామే లేమని తమ నోటితోనే చెప్పి, ఒళ్ళు కూడా మిగలకుండా ఖాళీ అయిపోయారు! ఈ కపాలంలో నేను బంధించిన ఘోరశక్తి మనిషి ఉన్న ఒంట్లో అడుగుపెట్టదు. ఎవరూ లేని ఒళ్ళు కావాలి దానికి! ఇన్నాళ్ళకు ఒక నిండు ప్రాణాన్ని, కట్టుకున్నవాడే పట్టపగలు లేదని సాక్ష్యం చెప్పి ఇచ్చాడు! నూట ఎనిమిదోది! ఈ ఒంటిలో దాన్ని నిలిపితే నాకిక మరణం లేదు... రా! రా!"

తెర కదిలింది.

ఆమె దిగింది. కాదు... ఆమె శరీరం దిగింది! విరబోసుకున్న జుట్టు గాలి లేకుండానే పైకి లేచింది. కనుగుడ్లు తెల్లగా తిరిగాయి. ఎండలో కాలే రాళ్ళ మీద వట్టికాళ్ళతో నడుస్తూ, అతని కిటికీ కిందినుంచే పోయింది. చెయ్యి చాపితే అందేంత దూరంలో! అతను చాపలేకపోయాడు. కంటివెంట ధారగా నీళ్ళు కారుతుంటే తుడుచుకోను కూడా లేకపోయాడు.

ఆమె మండలంలో నిలబడింది. మాంత్రికుడు మంత్రం అందుకున్నాడు. నీలిజ్వాల కపాలం నుంచి లేచి, నాగుపాములా చుట్టుకుని, ఆమె నోట్లోంచి లోపలికి దిగింది...

నిశ్శబ్దం!

అప్పుడు ఆమె గొంతులోంచి, గోతుల అడుగునుంచి వచ్చినట్టు ఒక స్వరం పలికింది.

"లోపల... ఎవరు?"

మాంత్రికుడు ఉలిక్కిపడ్డాడు. "ఎవరూ లేరు! చిట్టాలో రాసి ఉంది! భర్త చెప్పాడు!"

"భర్తను అడగలేదు. నిన్నూ అడగలేదు." ఆ స్వరానికి రాతిగది గోడలు బీటలు వారాయి. "లోపల ఎవరు?"

ఆమె పెదవులు వణికాయి. ఒకసారి... రెండుసార్లు... మెడనరాలు తాళ్ళలా పొంగాయి. ముక్కునుంచి నెత్తురు కారింది. అంత ఘోరశక్తి కింద నలుగుతూ, బావిలో పడ్డవాళ్ళు కేకేసినట్టు, సన్నగా, తన సొంత గొంతుతో అంది.

"నేను... నేనున్నాను!"

"అబద్ధం!" అరిచాడు మాంత్రికుడు. "దాని మాట చెల్లదు! భర్త..."

"ఉన్నచోటికి లేదని చెప్పి నన్ను పంపావు!"

ప్రళయఘోష! నీలిజ్వాల ఆమె నోటినుంచి వెనక్కి ఎగసి, మహాసర్పమై మాంత్రికుణ్ణి చుట్టేసింది. వాడు మంత్రాలు అరిచాడు, బీజాక్షరాలు అరిచాడు, చివరికి అమ్మా అని అరిచాడు. జ్వాల వాడి నోట దూరి లోపల వెతికింది. దయ వెతికింది, దొరకలేదు. భయం తప్ప ఏ మూలా ఏమీ దొరకలేదు. ఆ భయాన్నీ తాగేసింది! నిటారుగా నిలబడ్డ యూనిఫారం లోపల మనిషి లేకుండానే క్షణకాలం నిలిచి, కుప్పగా కూలింది. ఎముక గుండీలు ఠంగుఠంగున దొర్లాయి. చిట్టా భగ్గున మండింది. గోడల మీది చొక్కాలు ఒక్కసారి, నిట్టూర్చినట్టు, ఊగి ఆగిపోయాయి.

బంధం తెగిన ఆ శక్తి పోతూ పోతూ లారీ కిటికీ దగ్గర ఆగింది. మూగన్న ముఖానికి దాని వేడి తగిలింది.

"ఉన్నది ఉంటుంది," అంది. "లేదన్నవాడికి లేదు."

అంతే. గుడ్లగూబ కళ్ళు మూసుకుంది.

*

అతని చేతులు కదిలాయి. దిగి పరుగెత్తుదామనుకునేసరికి, ఆమె గదిలోంచి బయటికి వచ్చింది. పైటకొంగుతో ముక్కునెత్తురు తుడుచుకుంది. జుట్టు ముడేసుకుంది. కళ్ళు మామూలుగా ఉన్నాయి, ఆమె కళ్ళే! కానీ లారీ వంక చూడలేదు. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని రోడ్డు అటూ ఇటూ చూసి, ముందుకు నడక సాగించింది.

పిలవాలనుకున్నాడు. ఏ ముఖం పెట్టుకుని పిలవాలి? బండి కదిలించి ఫస్టు గేరులో ఆమె వెనకే పోయాడు. ఆమె నడిచినంత మెల్లగా ఇరవై టన్నుల బండి నడిచింది. ఇంజను గొణుగుతోంది. టైర్ల కింద రాళ్ళు పటపటమంటున్నాయి. ఆమె తిరిగి చూడలేదు. ఒకసారి తూలితే అతని కాలు బ్రేకు మీదికి పోయింది. ఆమె నిలదొక్కుకుని మళ్ళీ నడిచింది. అలా ఒక మైలు... ఇంకా పైనే.

నీడలు కాళ్ళ కిందినుంచి ఇవతలికి జరిగే వేళకు ఆమె రోడ్డు పక్కకు తప్పుకుని, ఆగి, వచ్చే బండికి చెయ్యెత్తింది.

అతను ఆపాడు. 

ఆమె తలెత్తి, అతని కళ్ళలోకి సూటిగా చూసింది. అలసిపోయిన ముఖం. మర్యాదైన, కొంచెం బెదురైన చూపు.

"అన్నా," అంది. "బండి టౌను దాకా పోతుందా? మా అక్కకు బాగోలేదు. ఈ దారిన బస్సు లేదంట."

మూగన్న నోరు తెరిచాడు. పదిహేనేళ్ళు పొదుపు చేసిన మాటలన్నీ వెతుక్కున్నాడు. ఎవరిదో గొంతులా, ఒక్కటే బయటికొచ్చింది.

"ఎక్కమ్మా."

ఆమె ఎక్కింది. పరాయి మగవాడి బండి కాబట్టి సీటు చివరికంటా జరిగి, కొంగు భుజాల చుట్టూ నిండా కప్పుకుని, తలుపు పిడిని గట్టిగా పట్టుకుని కూర్చుంది. దారి పొడుగునా ఆ పిడి వదలలేదు.