అమ్మోనియా బాణం

ఏటుకూరు రోడ్డులోని కోల్డ్ స్టోరేజీలో సీక్రెట్ ఏజెంట్ అయూబ్ శవం దొరికింది. ఒంటి మీద గాయం లేదు. చుట్టూ పేర్చిన టిక్కీ బస్తాల్లో మిరపకాయలన్నీ నల్లబడిపోయాయి.

"అమ్మోనియా," అంది చీఫ్ జయకుమారి. "కూలింగ్ పైపుల్లో ఉండే గ్యాస్. వాల్వు దానంతటదే తెరుచుకుంది."

ఎదురుగా కూర్చున్న ఏజెంట్ రహమాన్, టేబుల్ మీది శవం ఫొటో మీంచి చూపు తిప్పలేదు. అయూబ్ అతని సొంత తమ్ముడు.

"ఎవరు?"

"జెల్కా సిస్టమ్స్. విదేశీ ముఠా. ఒక్క లైను కోడ్ రాయకుండా ఎవరి సాఫ్ట్‌వేర్ వాళ్లే తయారుచేసుకోవచ్చని ప్రచారం. స్క్రీన్ మీద డబ్బాలుంటాయి. మౌస్‌తో ఒకదాన్నుంచి ఇంకోదానికి బాణం లాగితే ప్రోగ్రాం రెడీ. గుంటూరు నుంచి ఒంగోలు దాకా ఓనర్లంతా ఎగబడ్డారు. స్టాకు, బిల్లులే కాదు, కూలింగ్ ప్లాంటుని కూడా దాని చేతిలో పెట్టారు."

"వాళ్ల ప్లాన్?"

"ఒకే ఆర్డర్‌తో అన్ని వాల్వులూ తెరవడం. మన మిరపకాయ పాడైతే ఎక్స్‌పోర్ట్ మార్కెట్ వాళ్లది. లోపల పనిచేసే కూలీలు చచ్చినా వాళ్లకి లెక్కలేదు. అయూబ్ మీద టెస్ట్ చేశారు."

"లోపల మన మనిషి?"

"షారోన్. జెల్కా ట్రైనర్. అయూబ్‌కి సమాచారం ఇచ్చేది. పట్టించింది కూడా ఆమేనేమో. వాళ్ల బాస్ బ్రాంట్ నాకు ప్రాణాలతో కావాలి. ఇది ఆర్డర్, రహమాన్."

రహమాన్ ఫొటో జేబులో పెట్టుకుని లేచాడు.

చిలకలూరిపేట రోడ్డులో జెల్కా అద్దెకు తీసుకున్న పెద్ద కోల్డ్ స్టోరేజీ. రెండువేల ఏడు, ఏప్రిల్ ఎండ. పర్చూరు వ్యాపారి 'రంజాన్ షేట్' వేషంలో రహమాన్ దిగాడు. తెల్ల లాల్చీ, పెట్టుడు గడ్డం, జేబులో అత్తరు సీసా. సీసాలో ఉన్నది మాత్రం టియర్ గ్యాస్.

మిరప ఘాటుకి ఓనర్లంతా తుమ్ముతుంటే, నీలం పట్టుచీరలో, నల్ల కళ్లద్దాల్లో షారోన్ తీరిగ్గా నవ్వుతోంది. రహమాన్ దగ్గరికెళ్లి అయూబ్ కోడ్‌వర్డ్ అన్నాడు.

"కాయ తాలేనా మేడమ్?"

ఆమె నవ్వు ఆగిపోయింది. "కాదండి. మేలురకం తేజా."

ఆమె పీక నొక్కాలన్నంత కోపాన్ని దిగమింగి అతను కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

"బాణం కొస పట్టుకుని లాగండి షేట్ గారూ," అంటూ ఆమె నేర్పింది. తర్వాత గొంతు తగ్గించి, "ఆర్డర్ ఇవాళే. ఆఫీసు గదిలోంచి," అంది.

రహమాన్ ఆఫీసు గది తలుపు తోశాడు. లోపల పొడుగాటి తెల్లవాడు పిస్టల్ పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. బ్రాంట్.

"అచ్చం తమ్ముడి కళ్లే, మిస్టర్ రహమాన్." పిస్టల్ దించకుండానే ఎడంచేత్తో ఒక మీట నొక్కాడు. "వెళ్లిపోయింది ఆర్డర్."

స్క్రీన్ మీద 'ఆర్డర్' అన్న డబ్బా, దాన్నుంచి 'వాల్వు' డబ్బాకి బాణం. కింద ఎర్ర గీత నిండుతోంది.

షారోన్ లోపలికొచ్చింది. బ్రాంట్ ఆమె వైపు చూసి నవ్వేలోపే అతని మణికట్టు మీద బలంగా కొట్టింది. పిస్టల్ కింద పడింది. రహమాన్ అత్తరు సీసా తీసి బ్రాంట్ ముఖం మీద నొక్కాడు. బ్రాంట్ కళ్లు మూసుకుని అరుస్తూ దొరికిన తలుపులోంచి పరిగెత్తాడు. అది కోల్డ్ చాంబర్ తలుపు. షారోన్ దాన్ని మూసి గడియ బిగించింది.

రహమాన్ మౌస్ అందుకున్నాడు. కోడ్ అంటే ఓనమాలు కూడా రావు. బాణం కొస పట్టుకున్నాడు. జారిపోయింది. మళ్లీ పట్టుకుని, 'వాల్వు' మీంచి ఊడదీసి 'సైరన్' మీద వదిలాడు. ఎర్ర గీత నిండింది.

నిశ్శబ్దం. తర్వాత పల్నాడు అంచు నుంచి ఒంగోలు దాకా కోల్డ్ స్టోరేజీల సైరన్లన్నీ మోగాయి. కూలీలు బయటికి పరుగెత్తారు.

రహమాన్ వెనక్కి తిరిగాడు. చాంబర్ పక్కనున్న అమ్మోనియా వాల్వు చక్రం మీద షారోన్ చేతులున్నాయి.

"అయూబ్‌ని నేను అమ్మలేదు బావగారూ. పెళ్లి చేసుకున్నాను. మీకు చెప్పే టైమివ్వలేదు వీడు." ఆమె చక్రాన్ని గట్టిగా పట్టుకుంది. "ఒక్క తిప్పు. ఆయన పోయినట్టే పోతాడు."

రహమాన్ చెయ్యీ ఆ చక్రం మీద పడింది. తిప్పడానికో, ఆపడానికో కాసేపు అతనికే తెలియలేదు. లోపల్నుంచి బ్రాంట్ తలుపు బాదుతున్నాడు.

"ఇలా పోతే నిమిషాల్లో అయిపోతుందమ్మా," అన్నాడు చివరికి. "కోర్టులో నిలబడి నీ సాక్ష్యం వినాలి. ఉరికంబం దాకా రోజూ భయపడాలి వాడు."

ఆమె చేతులు తీసి, తలుపుకి ఆనుకుని ఏడ్చింది.

సాయంత్రం జయకుమారి ఫోన్ చేసింది. "ఇంతసేపూ చల్లటి చాంబర్‌లో ఉండి బ్రాంట్‌కి పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి, స్టేట్‌మెంట్ రావడం లేదు. సైరన్లు మోగినప్పుడే పోలీసులకి చెప్పలేదా?"

"చెబుదామనే అనుకున్నానండీ. మా మరదలు మొదటిసారి భోజనానికి పిలిచింది. కాదంటే బాగుండదు కదా?"