ఆకుపచ్చ గొడుగు

"ఆకుపచ్చ గొడుగు ఒకటి దొరికింది. పోగొట్టుకున్నవారు దయచేసి ఆఫీసు గదికి రావాలి..."

మైకులో ఆ మాట వినగానే గేటు కాపలాదారు కురహషి చేతిలో టీ ఒలికింది.

వైస్ ప్రిన్సిపాల్ మిజోగుచి గొంతు అది. ఎప్పటిలాగే మెత్తగా, మర్యాదగా ఉంది. కానీ చివర్లో వణికింది!

ఈ బడిలో ఆకుపచ్చ గొడుగు ఎప్పుడూ దొరకదు. దొరికిందని మైకులో చెప్పారంటే... ప్రమాదకరమైన మనిషి ఎవరో లోపల ఉన్నాడు! టీచర్లు తలుపులు వేసెయ్యాలి. పిల్లలు దాక్కోవాలి. వచ్చినవాడికి మాత్రం ఏమీ తెలియకూడదు.

డిసెంబరు. సాయంత్రం నాలుగూ నలభై. అప్పుడే బాగా చీకటి పడిపోయింది. గేటు లైటు కింద మంచు పడుతోంది.

కాపలా గదిలో ఫోన్ మోగింది. మళ్ళీ మిజోగుచే.

"కురహషి గారూ! చిసతో వాళ్ళమ్మ ఇప్పుడే ఫోన్ చేసింది. రెండో క్లాసు చిసతో. మాజీ భర్త మెసేజ్ పెట్టాడట... 'పాపా నేనూ కలిసి వెళ్ళిపోతున్నాం, మా కోసం వెతక్కు' అని. అతని ఇంటికెళ్ళి చూస్తే కూరగాయల కత్తి కూడా లేదట!"

"పోలీసులు?"

"బయల్దేరారు. మంచు కదా, పది నిమిషాలంటున్నారు."

"కానీ గేటు దాటి ఎవరూ..."



వచ్చాడు!

పావుగంట క్రితం. నల్ల కోటు, మాస్కు, మెళ్ళో పేరెంట్ ట్యాగ్. ముందుగా తనే వంగి నమస్కారం పెట్టాడు. బూట్లు విప్పి, అరలో జతగా సర్ది, అతిథుల చెప్పులు వేసుకున్నాడు. కురహషి కూడా వంగాడు. ఇంకాస్త కిందికే వంగాడు.

"చలిగా ఉంది కదండీ."

"అవునండీ. జాగ్రత్త."

జాగ్రత్త అని కూడా చెప్పాడు! కురహషి ముప్పై ఎనిమిదేళ్ళు కానిస్టేబుల్‌గా పనిచేసి రిటైరయ్యాడు. మూడేళ్ళుగా ఈ గేటు దగ్గర, బూటు కాళ్ళతో దూసుకొచ్చేవాడి కోసం కాచుకుని కూర్చున్నాడు. బూట్లు అంత పద్ధతిగా విప్పినవాణ్ణి ఎవరు అనుమానిస్తారు?

జూన్‌లో ఆ పిల్ల ఇంటిపేరు మారింది. ఐజవా పోయి నొనొమురా వచ్చింది. రిజిస్టరులో అందరూ చూశారు. విడాకులని అందరికీ అర్థమైంది. తండ్రి దగ్గరున్న ట్యాగ్ వెనక్కి తీసుకోవాలని కూడా అందరికీ తెలుసు. కానీ ఎవరు అడుగుతారు? 'ఇంటి గొడవలు కదా, అడిగితే బాగుండదేమో' అంది క్లాసు టీచరు. మిజోగుచి తలూపింది. కురహషి కూడా ఊపాడు.

కురహషి ఫోన్‌ను చెవికి గట్టిగా అదుముకున్నాడు.

"పాప ఎక్కడుంది?"

"సాయంత్రం క్లబ్బు గదిలో మిగతా పద్దెనిమిది మందీ ఉన్నారు, తాళం వేశాం. చిసతో ఒక్కతే లేదు! తాడాట తాళ్ళు పెట్టి రావడానికి జిమ్‌కి వెళ్ళిందట."

"అయితే సామాన్ల గదిలో మ్యాట్ల వెనక దాక్కుని ఉంటుంది. డ్రిల్‌లో నేర్పింది అదేగా. ఆ చోటు బయటివాళ్ళకి తెలియదు లెండి."



"కురహషి గారూ... పోయినేడు పేరెంట్స్ భద్రతా కమిటీకి పెద్ద ఎవరో మర్చిపోయారా?"



ఐజవా!

ఆకుపచ్చ గొడుగు అన్న మాట పెట్టింది అతనే. మ్యాట్ల వెనక దాక్కోవాలని ప్లాన్ గీసింది అతనే. డ్రిల్‌లో దొంగ వేషం కూడా అతనే వేశాడు!

గోడకున్న పొడవాటి రెండు కొమ్ముల కర్ర లాగి కురహషి పరుగెత్తాడు.

వరండా. మలుపు. మళ్ళీ వరండా...

మోకాళ్ళు కలుక్కుమంటున్నాయి. ఊపిరి అందడం లేదు. అరవై ఏడేళ్ళ ఒంటికి ఇంకెన్నాళ్ళు ఈ చాకిరీ? మార్చిలో మానేద్దామనుకున్నాడు. అంతకు ముందు మార్చిలో కూడా అనుకున్నాడు.

జేబులో ఏదో బరువుగా తొడకు కొట్టుకుంటోంది. ఏమిటిది?

పొద్దున్నది! పరుగుపందెం పిస్తోలు. గుండు ఉండదు, మోత మాత్రం అదరగొడుతుంది. వ్యాయామం టీచరుకి జ్వరమొస్తే, చలికాలం పరుగు ప్రాక్టీసుకి కురహషే పేల్చాడు. తర్వాత మేడెక్కి బీరువాలో పెట్టి తాళం వెయ్యాలి. మెట్లు చూసి నీరసమొచ్చి, రేపు పెడదాంలే అనుకున్నాడు. పేలే క్యాప్ ఒకటి లోపలే ఉండిపోయింది. ఇదీ తన కాపలా!

పొద్దున ఆ పిల్లను చూశాడు. 'సిద్ధం' అనగానే కాలు వెనక్కి పెట్టి రాయిలా నిలబడింది. మోతకి అందరికంటే ముందు దూకింది. బడి చుట్టూ రెండు రౌండ్లు. దూకడంలో ఫస్టు, చేరడంలో లాస్టు. అయినా ఆగలేదు.

జిమ్ తలుపు తెరిచే ఉంది. గడప దగ్గర అతిథుల చెప్పులు. పక్కపక్కనే, బయటికి తిప్పి, పొందిగ్గా సర్ది ఉన్నాయి.

వాటిని చూస్తే కురహషికి కత్తిని చూసినా వెయ్యనంత భయమేసింది.

లోపల దీపాల్లేవు. మూల సామాన్ల గదిలో ఒక్క బల్బు. దాని కింద నల్ల కోటు.

"ఐజవా గారూ!"

అతను తిరిగాడు. మాస్కు లేదు. గడ్డం మాసింది. కుడి చేతిలో కత్తి.

"మీరా కురహషి గారూ. ఈ చలిలో మీకు శ్రమ ఇచ్చాను. క్షమించండి."

"కత్తి కింద పెట్టండి."

"అలిసిపోయానండీ. జూన్ నుంచి సరిగ్గా నిద్ర లేదు. ఇంట్లో పాప చెప్పులు ఇంకా అరలోనే ఉన్నాయి. రోజూ చూడాలి."

"నేనూ అలిసిపోయానయ్యా. అది పడేయండి. ఇద్దరం ఇక్కడే కూర్చుందాం. ఎంతసేపైనా వింటాను."

ఒక్క క్షణం కత్తి కిందికి దిగింది... దిగినట్టే దిగి ఆగిపోయింది.

"ఆలస్యమైపోయిందండీ."

కురహషి కర్రతో దూకాడు! కొమ్ముల మధ్య నడుము ఇరికించి గోడకు నొక్కెయ్యాలి. డ్రిల్‌లో అలాగే నొక్కాడు. పిల్లలంతా చప్పట్లు కొట్టారు.

డ్రిల్‌లో ఇరుక్కున్నది కూడా ఈ మనిషే!

అతను పక్కకు జరిగాడు. ఎడమ కొమ్ము పట్టుకుని ఒక్క మెలి తిప్పాడు. కర్ర ఎగిరిపోయింది. కురహషి మోకాలు నేలకు కొట్టుకుంది. కళ్ళు బైర్లు కమ్మాయి.

లేవలేకపోతున్నాడు! కాలు కదలడం లేదు.

ఐజవా మ్యాట్ల వైపు తిరిగాడు. గొంతు సవరించుకున్నాడు. టీచర్లు మాట్లాడినట్టు, ఒక్కో మాటా విడివిడిగా పలికాడు.

"గొడుగు సొంతదారుకి అందింది. అందరూ బయటికి రావచ్చు."

అయ్యో!

ఆ మాట విన్నాకే బయటికి రావాలని పోయినేటి నుంచీ నేర్పారు. వద్దని అరుద్దామంటే కురహషికి ఊపిరి లేదు.

మ్యాట్ కదిలింది.

ముందు తెల్లటి బడి బూటు వచ్చింది. బొటనవేలి దగ్గర ఐజవా అన్న పేరు కొట్టేసి, పక్కన నొనొమురా అని రాసి ఉంది. తర్వాత చిన్న మొహం.

"నాన్నా...?"

కత్తి చూసింది.

అంతే! బిగుసుకుపోయింది. కదలకూడదు, మాట్లాడకూడదు... డ్రిల్‌లో నేర్పింది అదే కదా.

"ఇలా రా తల్లీ. కళ్ళు మూసుకో," అన్నాడు ఐజవా. అతని చెంపలు తడిసిపోయి ఉన్నాయి.

ఒక అడుగు వేశాడు.

ఇంకొకటి...

కురహషి చేయి జేబులోకి వెళ్ళింది.

ఛాతీలో మిగిలిన గాలంతా కూడదీసుకున్నాడు.

"చిసతో! సిద్ధం...!"

పిల్ల కుడికాలు తనంతట తానే వెనక్కి వెళ్ళింది.

ఐజవా ఉలిక్కిపడి తిరిగాడు. అతని కళ్ళు పిస్తోలు మీద పడ్డాయి.

ధన్!!

కత్తి గచ్చు మీద పడింది. ఐజవా రెండు చేతులతో ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు.

చిసతో దూకింది!

తండ్రి పక్కనుంచి, కురహషి పక్కనుంచి, తెరిచిన తలుపులోంచి... బయటి చీకట్లోకి!

కురహషి పాకి కత్తి మీద చేయి వేశాడు. దాన్ని తన కిందికి లాక్కుని, రెండో చేత్తో ఐజవా కాలు పట్టుకున్నాడు. పట్టుకోనక్కర్లేకపోయింది. అతను చొక్కా తడుముకుంటున్నాడు. రక్తం లేదు. గదినిండా పటాసుల వాసన.

"ఉత్తదేనా?"

"ఉత్తదే."

అతను మ్యాట్‌కి మొహం ఆనించి వెక్కివెక్కి ఏడ్చాడు. కురహషి ఆ కాలు వదల్లేదు. ఏడుపూ ఆపమనలేదు.

దూరంగా సైరన్ వినిపించింది.

బయటినుంచి మిజోగుచి గొంతు. "చిసతో! ఇటు! ఇటు రామ్మా! ఇంక ఆగు, చాలు!"

మంచు మీద చిన్న బూట్ల చప్పుడు జిమ్ గోడ పక్కగా వచ్చింది. దాటిపోయింది. ఆగలేదు.

పొద్దున ఆ పిల్లకు రెండు రౌండ్లని చెప్పింది కురహషే.

ఇంకా ఒక రౌండు మిగిలి ఉంది.