స్వాతి ఇంటి డైట్ డబ్బా

రక్తం లేదు. శవం లేదు. ఎవరి తలుపూ బద్దలు కాలేదు.

స్టేషన్ టేబుల్ మీద ఒక డబ్బా ఉంది. డబ్బా మీద సన్న నడుము అమ్మాయి నవ్వుతోంది. టేబుల్ ముందు కూర్చున్న స్వాతి మాత్రం నవ్వడం లేదు.

"ఏం పోయింది?" అడిగింది ఎస్సై పద్మిని.

"పోలేదు మేడం. వచ్చింది. మూడు కిలోలు."

శుక్రవారం ఉదయం పది గంటలు. స్వాతి ఈ దీవిలోనే, బ్రూక్షాబాద్ పేటలో ఉంటుంది. స్కూల్లో లెక్కల టీచరు. డైరీ ఫార్మ్ అనే పేటలో సింధూరి నడిపే 'నాజూకు' డైట్ ప్లాన్‌లో చేరింది. పొద్దున ఒక గ్లాసు పౌడరు. రాత్రి ఒక గ్లాసు. మధ్యాహ్నం కప్పుతో కొలిచిన అన్నం, ఉప్పు కూడా మొహమాటపడే కూర. మొదటి డబ్బాకు బరువు తగ్గింది. రెండో డబ్బాకు తగ్గిందంతా తిరిగొచ్చి, పైన కొంత తెచ్చుకుంది.

"మధ్యలో ఏమైనా తిన్నారా?"

"మా ఆడపడుచు పెళ్లిచూపుల్లో లడ్డూ వాసన చూశాను. అంతే. ఇది నకిలీ మాల్ మేడం. కేసు రాయండి."

హెడ్ కానిస్టేబుల్ నూకన్న మూత తీశాడు. వేలు ముంచి నాలిక మీద వేసుకున్నాడు.

"తియ్యగా బాగుంది మేడం."

"అది సాక్ష్యం, నూకన్నా."

"అందుకే కొంచెమే తిన్నాను."

పద్మిని గంభీరంగా పెన్ను తీసింది. లోపల మాత్రం పండగ. ఎందుకంటే ఎవరికీ చెప్పకుండా ఆమె కూడా అదే ప్లాన్‌లో చేరింది. ఒక్క గ్రాము తగ్గలేదు. బెల్టు మాత్రం ఒక కన్నం ముందుకు జరిగింది. ఇన్నాళ్లూ ఆ తప్పు ఎవరిదో ఆమెకు తెలుసు. డ్యూటీ దిగేటప్పుడు అబర్డీన్ బజార్‌లో ఆగే జీపుకూ తెలుసు. ఇప్పుడు పౌడరే నకిలీదని తేలితే? సమోసాలు నిర్దోషులుగా బయటపడతాయి.

ఏ నేరమూ ఆమెకు ఇంత ఊరట ఇవ్వలేదు.

పన్నెండు కాకముందే సింధూరి షాపుకు సీలు పడింది. ఆ స్టేషన్‌లో అంత చురుగ్గా ఏ పనీ జరగలేదు.

"మాల్ ఎక్కణ్నుంచి?"

"చెన్నై నుంచి షిప్‌లో, మేడం."

"డబ్బాలు నువ్వే నింపుతావా?"

"అరే, సీలుతో వస్తాయి మేడం. కసమ్, మాల్ అసలీ."

"మరి స్వాతి ఎందుకు పెరిగింది?"

"అదే సమఝ్ కావట్లేదు. చెప్పినట్టు తిన్నవాళ్లందరికీ తగ్గింది."

ఆ చివరి మాట పద్మినికి ఎక్కడో తగిలింది. సింధూరి ఆమె ముఖంలోకి చూడనైనా లేదు. అది ఇంకా తగిలింది.

"శాంపిల్ మెయిన్‌లాండ్ ల్యాబ్‌కు వెళ్తుంది. రిపోర్టు వచ్చేదాకా షాపు తెరవడానికి లేదు."

"సముద్రం బాగాలేదు మేడం, షిప్పే కదలట్లేదు! సోమవారం కంపెనీ మనిషి ఫ్లైట్‌లో వస్తున్నాడు. షాపు మూసుంటే ఏజెన్సీ వేరేవాళ్లకి ఇచ్చేస్తాడు. మళ్లీ నేను ఎవరి షాపులోనో సేల్స్‌గర్ల్‌గా నిలబడాలి. నలభై ఏళ్లొచ్చాయి మేడం, గర్ల్ అని కూడా ఎవరూ అనరు."

మధ్యాహ్నమంతా పద్మిని మిగతా కస్టమర్లకు ఫోన్ చేసింది. వింత జరిగింది. పౌడరు గురించి అడిగితే ఎవరూ పౌడరు గురించి చెప్పలేదు. సిప్పీఘాట్ కళ్యాణి, ప్రశ్న పూర్తికాకముందే అరటికాయ బజ్జీలు ఒప్పేసుకుంది. బేబీరాణి బిర్యానీ ఒప్పుకుని, "మా ఆయనకు చెప్పకండి దీదీ" అని బతిమాలింది. పోలీసు ఫోన్ అనేసరికి కొందరు ఎప్పుడో పెళ్లిళ్లలో తిన్న జిలేబీలు కూడా కక్కారు.

తగ్గనివాళ్లంతా తిన్నవాళ్లే. తినకుండా పెరిగింది స్వాతి ఒక్కతే.

సాయంత్రం క్వార్టర్స్‌కు రాగానే పద్మిని వంటగదిలో పై అర తెరిచింది. తన డబ్బా దించింది. మూత తీసింది. పౌడరు మెడదాకా ఉంది. నేరస్థలంలో వేలిముద్రల కంటే స్పష్టంగా ఉంది.

వాసన చూసింది. కోకో. కొద్దిగా చేదు. స్టేషన్ నుంచి బ్యాగులో తెచ్చిన స్వాతి డబ్బా తీసి చూసింది. వేయించిన సెనగలు. బెల్లం.

రెండూ ఒకటి కావు.

అంటే సింధూరి దగ్గర అసలు సరుకు ఉంది. ఆ మాట పొద్దున్నే ఎందుకు తోచలేదు? తన డబ్బా వాసన తనకు తెలిసుంటే పొద్దున్నే తెలిసేది. తెలియాలంటే తాగి ఉండాలి. ఇప్పుడు రిపోర్టులో రాయాలన్నా ఈ నిండు డబ్బాను పోల్చడానికి ముందు పెట్టాలి. ఎస్సై గారి సొంత డబ్బా. నూకన్న చూస్తుండగా.

ఆమె రెండు మూతలూ పెట్టేసింది. ఆ రోజుకు ఎవరికీ ఏమీ చెప్పలేదు. భోజనం సహించలేదు. డైట్‌లో చేరాక అదే మొదటిసారి.

శనివారం ఉదయం తొమ్మిదిన్నర. బ్రూక్షాబాద్, స్వాతి ఇల్లు.

"ఈ డబ్బా ఇంట్లో ఎక్కడ పెడతారు?"

స్వాతి వంటింటి గట్టు చూపించింది. అక్కడ ఒక పళ్లెం ఉంది. పళ్లెంలో నీళ్లు. నీళ్ల మధ్య డబ్బా ఉండే చోటు ఖాళీగా ఉంది. పళ్లెం అంచు చుట్టూ చీమలు దిగాలుగా తిరుగుతున్నాయి.

"మొదటి డబ్బా కూడా పళ్లెంలోనే పెట్టారా?"

"లేదు మేడం, ఉత్తగానే అరలో ఉండేది. ఈమధ్యే మా అత్త పళ్లెంలో పెట్టింది. చీమలు పడతాయని."

"టీ తాగండమ్మా!" స్వాతి అత్త యర్రమ్మ గ్లాసులు తెచ్చింది. చెయ్యి చాచగానే గాజులు గలగలమంటూ మోచేతి దాకా జారిపోయాయి. జాకెట్టుకు రెండు పక్కలా పిన్నీసులు. పద్మిని గ్లాసు అందుకుంటూ ఆ పిన్నీసుల వైపు ఉండాల్సిన దానికంటే కొంచెం ఎక్కువసేపు చూసింది. కాస్త అసూయగా కూడా.

"ఒంట్లో బాగాలేదా?"

"అదే మా బెంగ మేడం," అన్నాడు కొడుకు ఉమేష్. హార్బర్‌లో పని చేస్తాడు. "నెలరోజుల్నుంచి రాత్రి అన్నం ముట్టదు. ఆకలి లేదంటుంది. చిక్కి సగమైపోయింది. షిప్ కదలగానే వైజాగ్ తీసుకెళ్లి అన్ని టెస్టులూ చేయించాలి."

"నాకేటీ అవ్వలేదురా!" అని యర్రమ్మ గబగబా లోపలికి వెళ్లిపోయింది.

పద్మిని ఫోన్ తీసింది. "నూకన్నా, సింధూరిని జీపెక్కించుకుని రా. బేడీలు వద్దు."

పదిన్నరకు అందరూ హాల్లో ఉన్నారు. సింధూరి గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. స్వాతి ఆమెను చూసి ముఖం తిప్పుకుంది.

"సింధూరీ, నీ పౌడర్‌లో చక్కెర ఉంటుందా?"

"లేదు మేడం. బెల్లం, చక్కెర ఏదీ ఉండదు. డబ్బా మీదే రాసుంది."

"చీమలు పడతాయా?"

"నా షాపులో చీమ మొహం చూడలేదు."

"చీమలకు డబ్బా మీద చదవడం రాదు. అవి సరుకును చూసే వస్తాయి. మొదటి డబ్బాకు రాలేదు. రెండోదానికి వచ్చాయి. అంటే లోపల సరుకు మారింది. సీలు తీశాక, ఈ ఇంట్లో మారింది. చీమలు పడతాయని ముందే తెలిసిన మనిషి నీళ్లలో పెట్టింది."

పద్మిని కుర్చీలోంచి లేచింది.

"ఇక అసలు పౌడరు. అది పనిచేస్తుందా, లేదా? దానికి ల్యాబ్ అక్కర్లేదు. ఈ ఇంట్లో ఒకరు రాత్రి అన్నం మానేశారు. గాజులు మోచేతికి జారాయి. జాకెట్టుకు పిన్నీసులు పడ్డాయి. డైట్ చేసిన మనిషి పెరిగింది. చేయని మనిషి తగ్గింది. యర్రమ్మగారూ, రుచి ఎలా ఉంది?"

యర్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముందు కన్నీళ్లొచ్చాయి. తర్వాత మాట వచ్చింది.

"సాకలేట్ నాగుందమ్మా. ఒక్కసారి రుచి సూద్దారనుకున్నాను. రోజూ ఒక్కసారే సూసినాను. పొద్దుగూకి ఒక గళాసు తాగితే మరి కూడు మీదికి మనసెళ్లదు. సూస్తే డబ్బా అడుగంటీసింది. అది అయిపోయినా, రాత్రి కూడు అలవాటు మరి తిరిగి రానేదు."

"కొత్తది కొనొచ్చుగా అత్తా!"

"కొందారనే ఎల్లాను. షిప్పు రానేదు, మాల్ నేదన్నాది యీ పిల్ల. షిప్పు రాకపోతే మనం ఏటి సేస్తాం? ఉన్నదాంతో సర్దుకుంతాం. పప్పు నేకపోతే ఉలవలొండుకోలేదా? పక్కింటి రాంచీ వాళ్లకాడ సత్తు, అదే ఏపుడు సెనగల పిండి, తెచ్చినాను. పాలపొడి కలిపినాను, బెల్లం కోరినాను, రంగుకి కాసింత కాఫీపొడి ఏసినాను. షిప్పొచ్చినాక మార్సేద్దారనుకుంటే, ఆ దిక్కుమాలిన షిప్పు..."

"రోజుకు రెండు గ్లాసుల బెల్లం పాలు," అంది స్వాతి నెమ్మదిగా. "రుచి బాగుందేమిటా అనుకున్నా. డైట్ అలవాటైపోయిందని సంతోషపడ్డాను కూడా."

ఉమేష్ సోఫాలో కూలబడ్డాడు. "అమ్మా, నీకు రోగం లేదా?"

"తిండిపోతు రోగమేరా, నాయనా."

"మరి నేను ఇన్ని రోజులు నిద్ర మానుకుని..." అతనికి కోపం రావాలి. నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు.

స్వాతి లేచి గుమ్మం దాకా వెళ్లింది. సింధూరి చెయ్యి పట్టుకుంది. "మాఫ్ కరో దీదీ. కేసు వాపస్ తీసుకుంటా." వెనక్కి తిరిగి, ఆగలేక అడిగింది: "ఎంత తగ్గావత్తా?"

యర్రమ్మ సిగ్గుపడుతూ నాలుగు వేళ్లు చూపించింది.

పన్నెండుకు డైరీ ఫార్మ్‌లో పద్మిని స్వయంగా సీలు తీసింది. షట్టర్ ఎత్తింది. సింధూరి రోడ్డంతటికీ వినిపించేలా ఊపిరి వదిలింది. తర్వాత లోపలికెళ్లి, కంపెనీ మనిషికి చూపించడానికి దాచిన ఒకే ఒక్క కొత్త డబ్బా తెచ్చి పద్మిని చేతిలో పెట్టింది.

"ఇదేంటి?"

"మీ కోసం మేడం. మీకు తగ్గలేదు కదా. నా దగ్గర చేరినవాళ్లకి తగ్గకపోతే నాకు అదోలా ఉంటుంది. మీ డబ్బాలోనే ఏదో గడ్‌బడ్ అయ్యుంటుంది. మీలాంటి డిసిప్లిన్ ఉన్న మనిషి తప్పు చేయరు."

సింధూరి వెటకారమాడి ఉంటే బాగుండేది. ఆడలేదు. మనస్ఫూర్తిగా అంది.

జీపులోంచి నూకన్న చూస్తున్నాడు. థాంక్స్ చెప్పి వెళ్లిపోవచ్చు. యూనిఫాం మీద ఇంకా మరక పడలేదు.

పద్మిని డబ్బా కౌంటర్ మీద పెట్టేసింది.

"నా డబ్బాలో ఏ గడ్‌బడ్డూ లేదు. నేనే తాగలేదు. నిన్న స్వాతి రాగానే, నీ పౌడరు నకిలీదైతే బాగుండునని కోరుకున్నాను. అందుకే అంత తొందరగా నీ షాపు మూయించాను. నిన్న సాయంత్రానికే నీ సరుకు అసలుదని నాకు తెలుసు. చెప్పలేదు."

సింధూరి తలెత్తి ఆమెను చూసింది. సింధూరి కళ్లల్లో నిద్రలేని నిన్నటి రాత్రంతా కనిపించింది. తర్వాత కస్టమర్ల కుర్చీ ముందుకు లాగింది.

"కూర్చోండి."

పద్మిని కూర్చుంది.

"తాగకుండా ఏం తిన్నారు?"

"సమోసాలు."

"ఎన్నింటికి?"

"సాయంత్రం ఐదున్నరకు. డ్యూటీ దిగేటప్పుడు."

"రోజూనా?"

"ఆదివారం కాదు."

"ఆదివారం షాపు బందా?"

"బందే."

"ఒక్కరేనా, ఇంకెవరైనా ఉన్నారా?"

పద్మిని జీపు వైపు చూసింది. నూకన్న చటుక్కున తల దించుకున్నాడు.

"పిలవండి అతన్ని కూడా," అంది సింధూరి.