ఒంటి వయసు ముప్ఫై నాలుగు

లిఫ్టు మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య ఆగిపోయింది. లోపల ఒక అమ్మాయి, ఆమె చేతిలో ఒక ఐసు పెట్టె.

"భయపడకండి మేడం, వచ్చేశాను," పైనుంచి మెకానిక్ గొంతు వినిపించింది.

"భయం నాకు కాదు, ఈ పెట్టెకి! తొందరగా ఫ్రీజర్‌లో పెట్టకపోతే నలభై మంది ఉమ్మి పాడైపోతుంది."

పైన ఏదో కింద పడిన చప్పుడైంది.

"ఏమన్నారూ?"

"ఉమ్మి!"

"సరిగ్గానే విన్నానన్నమాట."

పది నిమిషాలకి లిఫ్టు జానెడు జానెడుగా పైకొచ్చి, తలుపులు తెరుచుకున్నాయి. బయటికి రాగానే ఆమె విరుచుకుపడింది.

"నెలలో రెండోసారి ఆగింది మీ లిఫ్టు!"

"నాది కాదండీ, మీ బిల్డింగుదే. ముందు ఆ పెట్టె ఇలా ఇవ్వండి, తిట్లు నడుస్తూ తిడుదురుగాని."

అతనికి ఇరవై ఏడేళ్లు. చెవుల పక్కన అప్పుడే నెరిసిన జుట్టు, కళ్ల కింద నల్లటి చారలు. తోటి మెకానిక్కులు అతన్ని 'బాబాయ్' అనేవాళ్లు. ఆమెది నాలుగో అంతస్తులోని పరిశోధన ల్యాబు. ఏదడిగినా మొదటినుంచీ విడమరిచి చెబుతుందని అక్కడ అందరూ 'టీచరమ్మ' అనేవాళ్లు.

పెట్టె ఫ్రీజర్‌లోకి వెళ్లాక అతను అడిగాడు. "ఇంతకీ ఆ ఉమ్మితో ఏం చేస్తారు?"

అడగడమే తడవు, ఆమె మొదలుపెట్టింది. "మీ లిఫ్టులో ఎనిమిది బటన్లున్నాయి కదా. ఒకదాని మీద టేపు అంటించారనుకోండి. లోపల తీగలన్నీ బాగానే ఉంటాయి, కానీ ఆ బటన్ ఎవరూ నొక్కరు. మన జన్యువులూ అంతే. పుట్టుకతో వచ్చిన తీగలు మారవు. మన నిద్ర, తిండి, దిగులు, సిగరెట్లు మాత్రం కొన్నిటి మీద టేపు అంటిస్తాయి, కొన్నిటి మీదున్నది పీకేస్తాయి. ఆ గుర్తులు చూసి ఒంటి వయసు అంచనా వేస్తాం."

"అంటే మీరు మనుషుల మెకానిక్."

"రిపేర్లు చెయ్యను. చూసి చెబుతానంతే. మీరు నైట్ డ్యూటీనా? మాకు అలాంటివాళ్లే కావాలి."

మర్నాడు అతను బుద్ధిగా గొట్టంలో ఉమ్మి, ఆమె ఎదురుగా కూర్చున్నాడు. ఆమె ప్రశ్నల కాగితం తీసింది.

"రోజుకి ఎన్ని గంటలు పడుకుంటారు?"

"లిఫ్టులు ఆగని రోజు ఐదు."

"సిగరెట్లు?"

"తిడతారా?"

"రాసుకుంటాను."

"అయితే ఆరు."

ఆమె నవ్వు ఆపుకుంటూ తర్వాతి ప్రశ్న చదివింది. "గత పదేళ్లలో మిమ్మల్ని బాగా కుంగదీసిన విషయం?"

"నాన్న మూడేళ్లు మంచంలో ఉన్నారు. పగలు దగ్గరుండొచ్చని నైట్ డ్యూటీ వేయించుకున్నాను. ఆయన పోయి నాలుగేళ్లయింది. డ్యూటీ మార్చుకోవాలని మాత్రం గుర్తు రాలేదు."

ఆమె కలం పక్కన పెట్టి, అతనికి టీ తెప్పించింది.

ఆ తర్వాత నెలకోసారి జరగాల్సిన లిఫ్టు సర్వీసు వారానికి రెండుసార్లు జరిగింది. "ఈ లిఫ్టుకి ఏం జబ్బండీ?" అని ఆమె అడిగేది. "ఇంకా తేలలేదు, చూస్తున్నాను," అనేవాడు, చూడాల్సిన లిఫ్టుని వదిలేసి ఆమెని చూస్తూ.

రెండు నెలలకి అతని ఫలితాల కాగితం వచ్చింది. అసలు వయసు ఇరవై ఏడు. ఒంటి వయసు ముప్ఫై నాలుగు.

"బాబాయ్ అని ఊరికే అనలేదన్నమాట," అని నవ్వి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. సర్వీసుకి వేరే మెకానిక్ వచ్చాడు. మూడు వారాలు చూసి ఆమె కంపెనీకి ఫోన్ చేసింది. "లిఫ్టు పాడైంది. బాబాయ్‌నే పంపండి."

అతను వచ్చి రెండుసార్లు పైకీ కిందకీ తిరిగాడు. "బాగానే ఉంది కదండీ?"

"లిఫ్టు బాగానే ఉంది. మెకానిక్కే పని చెయ్యట్లేదు."

అతను తల దించుకున్నాడు. "ఆ రోజు మీకో మాట చెబుదామని వచ్చాను. కాగితం చూశాక నోరు రాలేదు. ఇంత అరిగిపోయినవాణ్ణి మీకెలా అంటగట్టను?"

"అది అంచనా అండీ బాబూ! నాలుగైదేళ్లు అటూ ఇటూ ఉంటుంది. ఎన్నాళ్లు బతుకుతారో చెప్పే జాతకం కాదు. సిగరెట్లు మానేసి రాత్రిపూట పడుకుంటే కొన్ని టేపులు ఊడతాయి కూడా." ఆమె కాస్త తగ్గింది. "నేనూ ఒకటి చెప్పలేదు. నాకు ముప్ఫై."

అతను వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. "కాగితం ప్రకారం నేనే నాలుగేళ్లు పెద్ద. 'నువ్వు' అనొచ్చా?"

"అను. నేనూ అంటాను."

ఇక మిగిలింది అతని అక్క. అమ్మ లేని ఆ ఇంట్లో పెద్దదిక్కు ఆమే. ఇంటి ముందు గదిలోనే బట్టలు కుట్టే కొట్టు. ఇద్దరూ వచ్చి ఎదురుగా నిలబడితే మిషను ఆపి, విషయమంతా విని, తమ్ముణ్ణి పక్కకి లాగింది. గొంతు మాత్రం పక్కవీధికి కూడా వినిపించింది.

"నాకు ఇరవై తొమ్మిది. నాకంటే పెద్దదాన్ని 'మరదలా' అని ఎలా పిలవన్రా? నోరు తిరగొద్దూ?"

అతను కాగితం తీశాడు. "ఇది చూడు. ఒంటి వయసు ప్రకారం నేనే అందరికంటే పెద్ద. నువ్వే నన్ను అన్నయ్యా అనాలి."

అక్క నవ్వబోయి ఆగిపోయింది. కాగితం రెండోసారి చదివి టీచరమ్మ వైపు తిరిగింది. "ఈ ఏడేళ్లు ఎక్కడివి?"

"నిద్ర లేకపోవడం, సిగరెట్లు, దిగులు... ఏది ఎంతో విడదీసి చెప్పలేమండీ."

"నేను చెబుతాను. నాన్న మంచంలో ఉన్న మూడేళ్లూ నేను కుట్టు నేర్చుకున్నాను. తర్వాత కొట్టు పెట్టుకున్నాను. రాత్రిళ్లు హాయిగా పడుకున్నాను. ఆ నిద్ర వీడిది." ఆమె కళ్లు తుడుచుకుంది. "పోతాయా ఇవి?"

"కొన్ని తగ్గొచ్చు. అన్నీ పోతాయని మాటివ్వలేను."

"పోతాయని తియ్యగా చెప్పి ఉంటే నిన్ను నమ్మేదాన్ని కాదు," అంది అక్క. తమ్ముడి మీదకి తిరిగింది. "నువ్వు పగటి డ్యూటీ అడుగు."

"అడిగేశాను. సోమవారం నుంచే."

"సిగరెట్లు?"

"రెండుకి దిగాను."

"పొద్దున నాతో ఒకటన్నావు!" అంది టీచరమ్మ.

అతను కిటికీలోంచి బయటికి చూశాడు. అక్క పకపకా నవ్వి, మెడలోని కొలతల టేపు తీసి టీచరమ్మ వైపు తిరిగింది. "చేతులు చాపు."

"ఎందుకు వదినా?"

తనకంటే ఏడాది పెద్దమ్మాయి నోట ఆ మాట అంత సులువుగా వచ్చేసరికి, అక్క టేపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"పెళ్లి బట్టలకి... మరదలా."

"నాకు కొలతలు తియ్యవా?" అన్నాడు అతను.

"నువ్వు ఒక రెండు నెలలు కడుపునిండా తిని కంటినిండా నిద్రపో. ఇప్పుడు కొలిచి కుడితే అప్పటికి నీకు పట్టవు."